‘కాల్ ఇట్ ఎ డే’: ఈ ఇంగ్లీషు జాతీయాన్ని తడబడకుండా వాడటం ఎలా

అనంతపురంలో డిగ్రీ ముగించి బెంగళూరులో ఉద్యోగంలో చేరిన కుర్రాడు ఒకడు మొదటి వారంలోనే నాకు ఫోను చేశాడు. సాయంత్రం సమావేశం చివర టీమ్ లీడర్ ‘లెట్స్ కాల్ ఇట్ ఎ డే’ అన్నాడట. మిగతావాళ్లు సంచులు సర్దుకుని లేచిపోయారు. మనవాడి చెవిన పడింది ‘కాల్’ ఒక్కటే. ఎవరో ఫోను చేస్తారు కాబోలు అనుకుని రాత్రి ఎనిమిదిన్నర దాకా కుర్చీ కదలకుండా కూర్చున్నాడు. కాపలాదారు వచ్చి దీపాలు ఆర్పడం మొదలుపెట్టాక గాని లేవలేదు.

ఈ సంగతి మా సాయంత్రం తరగతిలో చెబితే నవ్వులకంటే ప్రశ్నలే ఎక్కువ వచ్చాయి. సెలవు చీటీలో రాయవచ్చా? మేనేజరుతో నేనే ముందుగా అనవచ్చా? నాన్నగారి పదవీ విరమణ గురించి చెప్పేటప్పుడు పనికొస్తుందా? ప్రతి కొత్త జట్టూ ఇవే అడుగుతోంది. అందుకే అన్నిటికీ వరుసగా జవాబులు రాసిపెడుతున్నాను.

అర్థం చెప్పాలంటే ఒక్క వాక్యం చాలు: చేస్తున్న పని ఇక చాలని నిర్ణయించుకుని ఆపడం. అర్థం దగ్గర ఎవరూ ఎక్కువసేపు ఇబ్బంది పడరు. చిక్కంతా వాడకంలో వస్తుంది.

1. దగ్గర ఉంచుకోవాల్సినవి

ఒక నోటు పుస్తకం తీసుకుని పేజీని నిలువుగా మూడు గడులు చేయండి. మొదటి గడిలో మీరు విన్న లేదా చదివిన వాక్యం. రెండో గడిలో అది ఎవరు, ఎవరితో, ఏ సందర్భంలో అన్నారన్నది. మూడో గడిలో అదే చోట మన ఇంట్లో ఏమంటామో ఆ మాట. చాలామంది మొదటిదీ మూడోదీ నింపి రెండోది వదిలేస్తారు. ఆ రెండో గడి లేని నోటు పుస్తకం నాకు చూపించకండి, దిద్దను.

నేర్చుకునేవారి కోసం తయారుచేసిన ఇంగ్లీషు నిఘంటువు ఒకటి కావాలి. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, లాంగ్‌మన్ మూడింటివీ అంతర్జాలంలో ఉచితంగా దొరుకుతాయి. జాతీయం కనిపించగానే దాని పక్కన ‘ఇన్‌ఫార్మల్’ అన్న గుర్తు ఉందో లేదో చూడండి. ఈ జాతీయం చనువు మాట, కొలువు కాగితాల మాట కాదు.

ఫోనులోని అనువాద యాప్‌ను మాత్రం ఈ పనికి దూరంగా ఉంచండి. ఒకసారి సరిగా చెబుతుంది, ఇంకోసారి ‘దాన్ని ఒక రోజు అని పిలవండి’ అంటుంది. ఏది సరైనదో తేల్చుకోవాలంటే మీకు ముందే తెలిసి ఉండాలి, తెలిస్తే దాన్ని అడిగేవారే కాదు.

కడపలో ఉన్నవారికి ఒక చిన్న పని. సి.పి. బ్రౌన్ పేరిట మీ ఊళ్లో భాషా పరిశోధన కేంద్రం ఉంది. వీలున్నప్పుడు ఆయన తెలుగు నిఘంటువు నాలుగు పేజీలు తిరగేయండి. మాటకు అర్థం చెప్పి ఊరుకోకుండా దాని వాడుకలు కూడా ఎలా పోగు చేశాడో చూడండి. పరాయి భాషలోంచి మన భాషలోకి వచ్చినవాడు ఆయన. మీరు ఎదురు దారిలో వెళ్తున్నారు, అంతే తేడా.

2. లోపలి లెక్కను పట్టుకోండి

ఈ మెట్టు దాటేసి ముందుకు పోవద్దు. తర్వాత వచ్చే నియమాలన్నీ ఇక్కడి నుంచే పుడతాయి.

వేరుశనగ పీకే రోజులు అనుకోండి. పొద్దున్నే కూలీలు చేనులో దిగారు. మధ్యాహ్నం మూడున్నరకు మబ్బు కమ్మింది. ఇంకా నాలుగు సాళ్లు మిగిలే ఉన్నాయి. రైతు ఆకాశం చూసి, పీకిన చెట్ల కుప్పలు చూసి, ‘సరే, దీన్ని రోజు కింద కట్టేద్దాం, ఇక లేవండి’ అన్నాడు. అంటే జరిగినంత పనిని ఒక పూర్తి రోజు పనిగా లెక్క వేశాడు.

‘కాల్ ఇట్ ఎ డే’ అన్న మాటను సరిగ్గా అలాగే విప్పండి.

- ‘కాల్’ అంటే ఇక్కడ ఫోను చేయడమూ కాదు, కేక వేయడమూ కాదు. ఫలానాగా లెక్కకట్టడం, ఫలానా అనుకోవడం.
- ‘ఇట్’ అంటే ఇంతవరకు జరిగిన పని.
- ‘ఎ డే’ అంటే క్యాలెండరులోని తేదీ కాదు, ఒక రోజు పని.

‘రోజు కింద కట్టేద్దాం’ అన్న రైతు మాటలో మూడు సంగతులు దాగి ఉన్నాయి. మొదటిది, ఎంతో కొంత పని జరిగింది. రెండోది, పని దానంతట అది ఆగలేదు, ఒకరు నిర్ణయించి ఆపారు. మూడోది, పని పూర్తి కావాల్సిన అవసరం లేదు, నాలుగు సాళ్లు మిగిలినా పరవాలేదు. ఈ మూడూ ఉన్నచోట జాతీయం అతుకుతుంది. ఏది లేకపోయినా ఎబ్బెట్టుగా ఉంటుంది.

మన వ్యవసాయంలోంచే ఇంకో పోలిక చెబుతాను, ఇది పరీక్షకు కూడా పనికొస్తుంది. ఎద్దుల మెడ మీది కాడి దించి మడక విప్పడం ఒకటి, కాడి పడేసి పోవడం ఇంకొకటి. మొదటిది చేయాల్సినంత చేసి ఆపడం. రెండోది చేతకాక వదిలేయడం. ‘కాల్ ఇట్ ఎ డే’ మొదటి రకం. ఈ మాటలో ఓటమి లేదు, సిగ్గు లేదు. ఓడి వదిలేయడానికి ఇంగ్లీషులో ‘గివ్ అప్’ లాంటి వేరే మాటలు ఉన్నాయి. ఒక లెక్క తెగక విసిగి పుస్తకం మూసేసిన పిల్లవాడు ‘ఐ కాల్డ్ ఇట్ ఎ డే’ అంటే తన ఓటమిని కాస్త మర్యాదగా చెప్పుకుంటున్నాడని అర్థం. అదీ ఒక ప్రయోజనమే అనుకోండి.

3. మూడు అర్థాలను విడదీయండి

మొదటి అర్థం, ఈ పూటకు ఆపడం. తాడిపత్రిలో బండలు కోసే చోటైనా, కర్నూలులో ఆడిటరు ఆఫీసులోనైనా, సాయంత్రం ‘ఇక చాలు, రేపు చూసుకుందాం’ అనే చోట ఇది సరిపోతుంది. పని రేపు మళ్లీ మొదలవుతుంది.

రెండో అర్థం, ఎప్పటికీ మానేయడం. ఇంగ్లీషు పత్రికల క్రీడా పేజీల్లో తరచుగా కనిపించేది ఇదే. ఆటగాడు రిటైర్ అయ్యాడు అనడానికి ‘కాల్డ్ ఇట్ ఎ డే’ అంటారు. తెలుగు పత్రికలు ఇలాంటి చోట ‘ఆటకు వీడ్కోలు పలికాడు’ అని రాస్తాయి. సచిన్ టెండూల్కర్ 2013 నవంబరులో చివరి టెస్టు ఆడి ఆట నుంచి తప్పుకున్నాడు. ఆ వార్తకు ఈ జాతీయం చక్కగా అతుకుతుంది. ధోనీ 2020 ఆగస్టు 15న అంతర్జాతీయ క్రికెట్‌కు వీడ్కోలు చెప్పినా ఐపీఎల్ ఆడుతూనే వచ్చాడు. అక్కడ ఈ జాతీయం వాడితే ఆపింది అంతర్జాతీయ ఆటను మాత్రమేనని పక్క వాక్యంలో చెప్పి తీరాలి, లేకపోతే వినేవాడు ఆటే మానేశాడనుకుంటాడు.

మూడో అర్థం, కలిసి నడిపినదాన్ని ముగించడం. ఇద్దరు స్నేహితులు భాగస్వామ్యంలో పెట్టిన అంగడిని ఎత్తేశారు. ఒక సంగీత బృందం విడిపోయింది. ఒక జంట ఎవరి దారి వారు చూసుకున్నారు. ఇలాంటి చోట్ల కూడా ఇంగ్లీషువాళ్లు ఈ మాట అంటారు. తెగతెంపులు అన్నంత కటువుగా ఉండదు, మాట్లాడుకుని విడిపోయినట్టు ధ్వనిస్తుంది.

ఏ అర్థమో తేల్చుకోవడానికి పక్కనున్న మాటలు చూడండి. గంట, అలసట, సాయంత్రం, రేపు కనిపిస్తే మొదటిది. ఏళ్ల లెక్క, వయసు, ఆట, ఉద్యోగ జీవితం కనిపిస్తే రెండోది. ఇద్దరు మనుషులు లేదా ఒక బృందం కర్తగా ఉండి ఏళ్ల లెక్క కూడా ఉంటే మూడోది కావచ్చు.

ఇంకో చిన్న ఉదాహరణ. 2024 సెప్టెంబరులో అనంతపురం ఆర్డీటీ మైదానంలో దులీప్ ట్రోఫీ మ్యాచ్‌లు జరిగాయి, మా విద్యార్థులు కొందరు వెళ్లి చూసి వచ్చారు. నాలుగు రోజుల మ్యాచ్‌లో వెలుతురు తగ్గి అంపైర్లు ఆ రోజుకు ఆట ఆపారనుకోండి, అది మొదటి అర్థం. అదే సాయంత్రం ఒక బ్యాట్స్‌మన్ ఇక ఆడనని ప్రకటించాడనుకోండి, అది రెండోది. మైదానం అదే, మాటా అదే, అర్థాలు మాత్రం రెండు.

4. వాక్యంలో కూర్చండి

ఈ నాలుగు మాటల్లో మారేది ‘కాల్’ ఒక్కటే. జరిగిపోయినదానికి ‘కాల్డ్’, జరుగుతున్నదానికి ‘కాలింగ్’. మిగతా మూడూ రాతి మీద చెక్కినట్టు ఉంటాయి.

ముందుగా ఈ అయిదు వాక్యాలు నోటికి రానివ్వండి. ఎక్కువ నేర్చుకోవాలన్న ఆత్రం వద్దు.

- ‘లెట్స్ కాల్ ఇట్ ఎ డే’: ఇక చాలిద్దాం.
- ‘షల్ వి కాల్ ఇట్ ఎ డే?’: ఇక ముగిద్దామా?
- ‘ఐ థింక్ ఐల్ కాల్ ఇట్ ఎ డే’: నేను ఇక ఆపేస్తాననుకుంటున్నాను.
- ‘వి కాల్డ్ ఇట్ ఎ డే ఎట్ సిక్స్’: ఆరింటికి పని ఆపేశాం.
- ‘షి ఈజ్ నాట్ రెడీ టు కాల్ ఇట్ ఎ డే’: ఆమెకు ఇప్పుడే మానేసే ఉద్దేశం లేదు.

అయిదు రోజులు చేసిన పనిని ఆపినా ‘ఎ డే’ అనే అంటాం, ‘డేస్’ అనం. ముప్ఫై ఏళ్ల ఉద్యోగం ముగించినా అంతే. మన లెక్కలో ‘రోజు’ అంటే పని గనుక, కాలం ఎంత గడిచిందన్న ప్రశ్నే రాదు.

‘ఇట్’ స్థానంలో పని పేరు పెట్టకూడదు. ‘కాల్ ది వర్క్ ఎ డే’ అని ఎవరూ అనరు. ఏ పనో చెప్పాలంటే ముందు వాక్యంలో చెప్పండి: లెక్కలు సగం అయ్యాయి, ఇక చాలిద్దాం. కర్మణి ప్రయోగం కూడా కుదరదు. ‘ఇట్ వాజ్ కాల్డ్ ఎ డే’ అంటే వ్యాకరణం తప్పు కాకపోవచ్చు గాని జాతీయం చచ్చిపోతుంది.

కర్త ఎప్పుడూ పని చేసిన మనిషో, చేయించిన మనిషో అయి ఉండాలి. మోటారు ఆగింది, బస్సు ఆగింది, కరెంటు పోయింది అనే చోట దీన్ని తేకండి. మోటారుకు నిర్ణయం తీసుకునే శక్తి లేదు. పాత స్కూటరు దారిలో మొరాయిస్తే ‘ఇది ఇక చాలించింది’ అని సరదాకు అంటారు. అది కావాలని చేసే హాస్యం. పట్టు వచ్చాక చేయండి.

5. నోరు తిప్పండి

మనవాళ్లు ‘కాలు, ఇటు, ఏ, డే’ అని నాలుగు ముక్కలుగా పలుకుతారు. కాలికీ దీనికీ సంబంధం లేదు. మాట చివర ‘ఉ’ చేర్చే అలవాటును కాసేపు కట్టిపెట్టండి.

మొదటి మూడూ కలిసిపోయి ఒక్క మాటగా దొర్లాలి: ‘కాలిట’. మధ్యలోని ‘ఎ’ ని ‘ఏ’ అని సాగదీయకండి, అది దాదాపు ‘అ’ లా పొట్టిగా పోతుంది. బరువంతా చివరి ‘డే’ మీద వేయండి. అమెరికావాళ్లు ‘ట’ ను మెత్తబరచి ‘డ’ కు దగ్గరగా పలుకుతారు కాబట్టి సమావేశాల్లో మీకు ‘కాలిడ డే’ అని వినిపించవచ్చు. పదిసార్లు పలికి ఫోనులో రికార్డు చేసుకుని వినండి. ఇంతకు మించి ఉచ్చారణ మీద సమయం వృథా చేయనక్కరలేదు.

6. ఎవరితో, ఎప్పుడు

వ్యాకరణం తప్పితే ఎదుటివాడు నవ్వి ఊరుకుంటాడు. మర్యాద తప్పితే మనసులో పెట్టుకుంటాడు. అందుకే ఈ భాగం కాస్త పెద్దది.

‘లెట్స్’ తో మొదలయ్యే రూపం నిర్ణయం చెబుతుంది. చేనులో ‘ఇక లేవండి’ అనేది రైతు, కూలి కాదు. అదే న్యాయం ఇక్కడా వర్తిస్తుంది. సమావేశాన్ని నడిపేవారు, జట్టు పెద్ద, సమవయస్కుల్లో ఎవరైనా ఈ రూపం వాడవచ్చు. నిన్న చేరిన కుర్రాడు మేనేజరుతో ‘లెట్స్ కాల్ ఇట్ ఎ డే’ అంటే మాటలో తప్పు లేదు, తూకంలో ఉంది. మన ఇంట్లో పెదనాన్న మాట్లాడుతుండగా ‘సరే, ఇక లేద్దాం పదండి’ అంటే ఎలా ఉంటుందో అలాగే ఉంటుంది.

మీకంటే పెద్దవారితో అనాల్సి వస్తే ప్రశ్నగా మార్చండి: ‘షల్ వి కాల్ ఇట్ ఎ డే, సర్?’ నిర్ణయం వాళ్ల చేతికే వెళ్లింది, మీ అలసటా తెలిసింది. అది కూడా రోజూ కలిసి పనిచేసే చనువు ఉన్నచోటే. కొత్తచోట మొదటి నెల అసలు అనకండి. వినండి, నోటు పుస్తకంలో రెండో గడి నింపండి.

ఎదుటివారు అన్నప్పుడు మీరేం చేయాలి? చాలామంది అడగడం మరిచిపోయే ప్రశ్న ఇది. ‘ష్యూర్, సీ యు టుమారో’ అంటే చాలు. పని ఇంకా ఉంటే రేపు ఉదయం దీన్ని అందుకుంటానని ఒక్క మాట చేర్చండి. ‘నో సర్, ఐ విల్ కంటిన్యూ’ అని శ్రద్ధ చూపించబోవద్దు. లేవమన్న రైతును కాదని చేనులోనే నిలబడ్డట్టు ఉంటుంది.

ఇక రాతలో. స్నేహితుడికి పంపే సందేశంలో, జట్టు మాట్లాడుకునే గుంపులో, రోజూ పలకరించుకునే సహోద్యోగికి రాసే మెయిల్‌లో వాడుకోండి. ఈ కింది చోట్ల మాత్రం వద్దు.

- సెలవు చీటీ, రాజీనామా పత్రం, అధికారికి అర్జీ.
- సమావేశ తీర్మానాల నమోదు. అక్కడ ‘ఎండెడ్’ లేదా ‘కన్‌క్లూడెడ్’ రాయండి.
- పరీక్షలో వ్యాసం. కథ రాయమంటే సంభాషణలో పెట్టుకోవచ్చు.
- ఒకరి మరణ వార్త. రెండో అర్థం గుర్తు పెట్టుకుని ‘ఆయన ఇక చాలించారు’ అన్న ధోరణిలో రాసిన సంతాప సందేశం ఒకటి నా కంటపడింది. రాసిన పిల్ల మంచిదే, మాటే ఆమెను మోసం చేసింది.

ఒంట్లో బాగాలేక ముందుగా వెళ్లిపోవడం గురించి తరచుగా అడుగుతారు. అనుమతి అడిగేటప్పుడు వద్దు. ఒంట్లో బాగాలేదు, ఇంటికి వెళ్లవచ్చా అని నేరుగా అడగండి. మర్నాడు స్నేహితుడు ‘నిన్న తొందరగా వెళ్లిపోయావే’ అంటే, అప్పుడు ‘తలనొప్పిగా ఉంటే నాలుగింటికే ఆపేశాను’ అనడానికి ఈ జాతీయం భేషుగ్గా ఉంటుంది.

నాన్నగారి పదవీ విరమణ ప్రశ్నకు జవాబు. సన్మాన పత్రంలో, ఆహ్వాన పత్రికలో ‘రిటైర్’ అన్న మాటే గౌరవం. స్నేహితులతో ‘ముప్ఫై నాలుగేళ్లు బడిలో పాఠాలు చెప్పి నాన్న ఇక విశ్రాంతి తీసుకుంటున్నారు’ అనే చనువు సందర్భంలో జాతీయం వాడండి. ఒక చిన్న మెలిక ఉంది. వయసు నిండి ప్రభుత్వమే పంపించినప్పటికంటే, ఇంకా చేయగలిగి ఉండి తానే చాలనుకున్నప్పుడు ఇది బాగా అమరుతుంది. నిర్ణయించి ఆపాలని చెప్పుకున్నాం కదా.

7. తరచుగా జరిగే తప్పులు, దిద్దుబాటు

తరగతిలో నేను దిద్దిన వాటిలో మళ్లీ మళ్లీ వచ్చేవి ఇవి.

‘కాల్ ఇట్ యాజ్ ఎ డే’. ‘రోజుగా పిలవడం’ లోని ‘గా’ ను ‘యాజ్’ చేసి పెట్టడం వల్ల వస్తుంది. ‘యాజ్’ తీసేయండి. మన జిల్లాల్లోనే కాదు, తెలుగువాళ్లందరిలోనూ ఉన్న తప్పు ఇది.

‘కాల్ ఎ డే’. ‘ఇట్’ ఎగిరిపోయింది. ఏ పనిని లెక్కకట్టాలో తెలియకుండా లెక్క కట్టడం. ‘ఇట్’ పెట్టండి.

‘కాల్ ఇట్ ది డే’, ‘కాల్ ఇట్ వన్ డే’. ‘ఎ’ మాత్రమే.

‘కాల్ ఇట్ ఎ డే ఫర్ టుడే’. పూర్తిగా తప్పని అనను, కానీ ఈ రోజుకు ఈ రోజు ముగిద్దాం అన్నట్టు ఉంది. ‘ఫర్ టుడే’ కొట్టేయండి.

పని మొదలు కాకముందే అనడం. పొద్దున్న పదింటికి అధికారి రాలేదని అందరూ వెళ్లిపోతూ ఈ మాట అన్నారట. చేసిన పనేదీ లేదు, కట్టడానికి లెక్కా లేదు. అక్కడ ‘వి లెఫ్ట్’ అంటే సరిపోయేది.

పని పూర్తిగా అయిపోయాక అనడం. ఇది పెద్ద తప్పు కాదు గాని, ఇంకొంచెం చేయవచ్చు అన్న నీడ ఉన్నప్పుడే ఈ మాటకు రుచి. పరీక్ష గంట కొట్టాక కాగితం ఇచ్చేసి ‘ఐ కాల్డ్ ఇట్ ఎ డే’ అనకండి. ఆపింది గంట, మీరు కాదు.

అన్నిటికంటే పెద్ద తప్పు, నేర్చుకున్న వారంలోనే ప్రతి సంభాషణలోనూ దూర్చడం. జాతీయం తిరగమోతలాంటిది. మా దగ్గర ఒకమ్మాయి ఒక పేజీ సంభాషణలో అయిదుసార్లు రాసింది. ‘ఏమ్మా, వీళ్లకు పని తక్కువ, విరామాలు ఎక్కువలా ఉందే’ అంటే తానే నవ్వి నాలుగు కొట్టేసింది.

8. పక్కింటి మాటలతో కలిపేయకండి

‘కాల్ ఇట్ ఎ నైట్’ రాత్రికి సంబంధించినది. విందు, కబుర్లు, ఆటపాటలు చాలించి ఇంటికి పోవడమో, పడుకోవడమో. రాత్రి పదకొండింటి దాకా పనిచేసి ఆపినా దీన్ని వాడవచ్చు.

‘కాల్ ఇట్ క్విట్స్’ కొంచెం తెగువగా ఉంటుంది. భాగస్వామ్యం, ఉద్యోగం, బంధం వదిలేసేటప్పుడు వింటాం. ఒకరికొకరం బాకీ లేము, చెల్లుకు చెల్లు అనే అర్థంలోనూ వాడతారు.

‘కాల్ ఆఫ్’ పూర్తిగా వేరు. అది రద్దు. జరగాల్సింది జరగకుండా పోవడం, లేదా వెతుకులాట, సమ్మె లాంటివాటిని ఆపేయమని ప్రకటించడం. పెళ్లి ‘కాల్ ఆఫ్’ అయిందంటే ఇంట్లో ఏడుపులు. పెళ్లి పనులకు ‘కాల్ ఇట్ ఎ డే’ అన్నారంటే అందరూ భోజనానికి లేచారని. ఈ తేడా తెలియక ఫోనులో చెబితే కడప నుంచి కర్నూలు దాకా బంధువులందరి గుండెలూ జారతాయి.

‘డే ఆఫ్’ సెలవు. ‘ఎట్ ది ఎండ్ ఆఫ్ ది డే’ అంటే ‘ఎంత చెప్పినా చివరికి’ అని, సాయంత్రంతో దానికి పని లేదు. రెండింటిలోనూ ‘డే’ ఉంది తప్ప మన జాతీయంతో చుట్టరికం ఏమీ లేదు.

9. వారం రోజుల సాధన

మొదటి రెండు రోజులు వినడమే. ఇంగ్లీషు క్రీడా వార్తలు, ముఖాముఖి సంభాషణలు వెతకండి. దొరికిన ప్రతి వాక్యానికీ మూడు గడులూ నింపండి. మూడో రోజు నాలుగో భాగంలోని అయిదు వాక్యాలను మీ సొంత పనికి తగ్గట్టు మార్చి రాయండి. నాలుగు, అయిదు రోజులు ఇద్దరు కూర్చుని మాట్లాడండి.

కడపలో కుట్టు అంగడి నడిపే ఇద్దరు అక్కాచెల్లెళ్లు మా దగ్గర నేర్చుకున్నారు. వాళ్ల సాధన ఇలా సాగేది:

‘అక్కా, ఇంకా మూడు జాకెట్లు ఉన్నాయి. కళ్లు లాగుతున్నాయి. షల్ వి కాల్ ఇట్ ఎ డే?’

‘ప్రశ్నగా అడుగుతావేం?’

‘నువ్వు అనాలి గాని, నేను అంటే బాగుండదని.’

‘సరే, లెట్స్ కాల్ ఇట్ ఎ డే. ఆ దారపు ఉండలు సర్దు.’

ఎవరు ప్రశ్నగా అన్నారో, ఎవరు నిర్ణయంగా అన్నారో చూడండి. ఇంగ్లీషు నేర్పింది నేనే గాని, ఈ చెల్లెలికి తూకం ఇంట్లోనే వచ్చింది.

ఆరో రోజు ఒక్కసారి, నిజమైన సందర్భంలో, నిజమైన మనిషితో వాడండి. అనే ముందు మనసులో ఇవి సరిచూసుకోండి.

- ఎంతో కొంత పని జరిగిందా?
- ఆపాలన్నది మనిషి నిర్ణయమేనా?
- ఆ నిర్ణయం చెప్పే చోటు నాదేనా, లేక ప్రశ్నగా అడగాలా?
- ఎదుటివారితో నాకు చనువు ఉందా?
- ‘ఇట్’, ‘ఎ’ రెండూ ఉన్నాయా?

ఏడో రోజు ఈ పరీక్ష రాయండి. ఒక్కో సందర్భంలో జాతీయం పనికొస్తుందా లేదా చెప్పాలి. జవాబులు కింద ఉన్నాయి, ముందే చూడకండి.

1) ఆదోని పత్తి మార్కెట్‌లో ఇద్దరు గుమాస్తాలు బస్తాల లెక్క సగం రాసి, మిగతాది రేపటికి పెట్టుకుని లేచారు.

2) ఎమ్మిగనూరులో నలభై ఏళ్లు మగ్గం నేసిన తాతయ్య ఇక నేయనన్నాడు. మనవరాలు స్నేహితురాలికి చెబుతోంది.

3) కరెంటు పోయి బండల పాలిషింగ్ యంత్రం ఆగిపోయింది.

4) వాన వల్ల టాస్ కూడా పడకుండానే మ్యాచ్ రద్దయింది.

5) పాత ఉద్యోగం ఎందుకు మానేశారని ఇంటర్వ్యూలో అడిగారు.

6) పెళ్లింట్లో రాత్రి పన్నెండు దాకా కబుర్లాడి ఇక పడుకుందామన్నారు.

7) పరీక్షలకు చదవడానికి మేడ మీదికి వెళ్లిన తమ్ముడు పది నిమిషాల్లో దిగి వచ్చి ‘లెట్స్ కాల్ ఇట్ ఎ డే’ అన్నాడు.

జవాబులు:

1) పనికొస్తుంది, మొదటి అర్థం. 2) పనికొస్తుంది, రెండో అర్థం, ఆప్యాయంగా కూడా ఉంటుంది. 3) యంత్రానికి పనికిరాదు. యజమాని పనివాళ్లను ఇళ్లకు పంపేస్తే ఆయన విషయంలో పనికొస్తుంది. 4) పనికిరాదు, ‘కాల్ ఆఫ్’ కావాలి. 5) పనికిరాదు, చనువు మాట. మానేసిన కారణం నేరుగా చెప్పండి. 6) ‘కాల్ ఇట్ ఎ నైట్’ మేలు. 7) వాక్యంలో తప్పేమీ లేదు, కానీ పుస్తకం అట్ట కూడా సరిగా తెరుచుకోలేదు. మేడ మీదికి వెళ్లమనండి, ఇంకా కూలి పడలేదు.